ఉప్పునీటి తొట్టెలో కొత్త చేప

సముద్రములో పుట్టి సముద్రములోనే పెరుగు చేపకు దాహపు బాధ కలదనిన నమ్ముట కష్టము. కాని నీటినడుమ బ్రదుకు ఆ ప్రాణి అహర్నిశము చేయు ప్రధానకార్యము తన దేహములోని నీటిని కాపాడుకొనుటయే. ఎముకలుగల సముద్రపు చేపల రక్తములోని లవణసాంద్రత చుట్టునున్న జలములోని దానిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే యుండును. పలుచని పొరకు ఇరువైపుల భిన్నసాంద్రతలుగల ద్రవములున్నప్పుడు పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవము వైపునకు నీరు పోవుట ద్రవాభిసరణ ధర్మము గనుక, ఊపిరి కొరకై అతిసూక్ష్మమైన పొరలతో విశాలముగా పరచుకొనియున్న మొప్పల గుండ దేహజలము క్షణక్షణము సముద్రములోనికి జారిపోవుచుండును. ఆ నష్టమును పూరించుటకు చేప సముద్రజలమునే త్రాగును. త్రాగిన నీటితో లోపలికి వచ్చిన ఉప్పును మరల వెలికి పంపవలసి వచ్చును. సముద్రపు చేపలు నీటిని త్రాగుననియు, ఆ ఉప్పులో అధికభాగము మూత్రముతో గాక వేరొక మార్గమున వెడలుననియు 1930లో హోమర్ స్మిత్ అను అమెరికా శరీరధర్మశాస్త్రవేత్త నిరూపించెను; 1932లో కీస్, విల్మర్ అను ఇరువురు ఈల్ చేప మొప్పలలో ఉప్పును వెలికి నెట్టు ప్రత్యేకకణములను వర్ణించిరి. ఈ విధముగా మొప్ప చేపకు ఊపిరితిత్తియే గాక, మూత్రపిండపు బాధ్యతలో పెద్దపాలు వహించు అంగము కూడ అగుచున్నది. దేహములో పుట్టిన అమోనియా సైతము ముఖ్యముగా ఆ ద్వారముననే పోవును.

ఇంటి అక్వేరియంలోనికి కొత్తగా వచ్చిన చేప ఆరోగ్యమును కనిపెట్టుటను గూర్చిన ఈ అధ్యాయమును మొప్పతో ఆరంభించుటకు కారణమున్నది. సాధారణముగా మనము చేపను చూచునప్పుడు రంగును చూతుము, చర్మముపై మచ్చలున్నవేమో చూతుము, అవి లేకున్న నిశ్చింతగా కూర్చుందుము. సముద్రపు చేపలను హరించు వ్యాధులలో ప్రధానమైనవి చర్మముకంటె ముందుగా, లేదా చర్మముతో పాటుగా, మొప్పలనే పట్టును. మొప్ప చెడినచో ఊపిరియు, నీటి పొదుపును, ఉప్పు విసర్జనమును ఒక్కమారే దెబ్బతినును. భయపడిన చేప విషయములో ఇది మరింత సత్యము. భీతిచే హృదయము వేగముగా కొట్టుకొని మొప్పలకు రక్తము ఉప్పొంగినప్పుడు ఆమ్లజని ఎక్కువగా లభించుట నిజమే గాని, అదే పొరల గుండ నీరు పోవుటయు అంతకంతకు హెచ్చును. పట్టువడి, సంచిలో బంధింపబడి, విమానములో వచ్చిన చేప పైకి ఎంత నిగనిగలాడుచున్నను, లోపల నీటి కరవుతో బాధపడుచున్నదని భావించుటయే క్షేమము.

ఆ ప్రయాణపు సంచిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి, నీటిని ఆమ్లత్వము వైపునకు త్రిప్పును. ఆ నీటిలోనే అమోనియాయు పేరుకొనును. అమోనియాకు నీటిలో రెండు రూపములు. విద్యుదావేశముగల అమోనియం రూపము అంతగా హాని చేయదు. ఆవేశములేని అమోనియా మాత్రము మొప్పల గుండ సులభముగా చొరబడు విషము. నీటి పిహెచ్ ఒక్క అంకె పెరిగినచో విషరూపపు పాలు ఇంచుమించు 10 రెట్లగును. మూతి కట్టియున్నంతసేపు ఆమ్లత్వము చేపను రక్షించుచుండును. సంచి విప్పగానే బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి పోవుట, పిహెచ్ పైకి లేచుట, నిరపాయముగా నున్న అమోనియం విషముగా మారుట వరుసగా జరుగును. చేపకు మేలు చేయుచున్నామను తలంపుతో విప్పిన సంచిలో గంటల తరబడి తొట్టెనీటిని చుక్కచుక్కగా కలుపువారు దూరప్రయాణము చేసివచ్చిన చేప విషయమున దానికి కీడే చేయుచున్నారు. మూతి విప్పకయే సంచిని తొట్టెలో తేలవిడిచి ఉష్ణోగ్రతను సమము చేసి, విప్పినవెంటనే సంచినీటి లవణసాంద్రతను కొలిచి, దానికి సరిపోవునట్లుగా ముందే సిద్ధపరచిన వేరు తొట్టెలోనికి చేపను మాత్రము చేర్చి, సంచినీటిని పారబోయుట ఉత్తమమైన మార్గము.

లవణసాంద్రతను కొలువక విశ్వసింపరాదు. 1853లో లండన్ జంతుశాలలో తొలి ప్రజా అక్వేరియం ఆరంభమైనప్పుడు దాని వెనుక నిలిచిన ఫిలిప్ హెన్రీ గాస్, సముద్రమునకు దూరముగా నుండువారి సౌకర్యార్థము ఉప్పులను పాళ్లు కుదిర్చి కృత్రిమ సముద్రజలమును చేయు పద్ధతిని 1854లోనే ప్రకటించెను. నేడు హైదరాబాదులో పొట్లపు ఉప్పు కలిపి తొట్టె నింపువారు ఆ మార్గముననే నడచుచున్నారు. సముద్రము ప్రక్కనే యున్న మన తీరవాసులు సహజజలమునే తెచ్చుకొనగలరు. అయితే వర్షకాలమున గోదావరీ కృష్ణల వరదనీరు కలియుటచే బంగాళాఖాతపు పైనీటిలో ఉప్పు బాగుగా తగ్గునని వారు మరువరాదు. పగడపు దిబ్బల నీటిలో వేయింటికి సుమారు 35 పాళ్లు ఉప్పుండును. వరదకాలపు తీరజలములో అది 30కి దిగువకు సైతము పోవును.

చేప తొట్టెలో చేరిన తరువాతి మొదటి దినమున దీపమార్పి, దాగుటకు తావిచ్చి, మనము దూరముగా నుండుట కంటె మించిన చికిత్స లేదు. ఆ దినమున కనబడు వింతలలో అనేకము వ్యాధులు కావు. రాస్ అను చేపల జాతులలో కొన్ని తొట్టెలో పడినవెంటనే ఇసుకలో దూరి దినముల తరబడి పైకి రావు. చచ్చినవని తలచి ఇసుకను త్రవ్వుట వాటికి మరియొక భయము కల్పించుటయే యగును. చిలుక చేపలలో కొన్ని రాత్రివేళ జిగురుతో గూడు కట్టుకొని అందు నిద్రించును. ఫాక్స్‌ఫేస్ చేప భయపడినప్పుడును, నిద్రలోను, పచ్చని దేహమునిండ గోధుమరంగు మరకలను తెచ్చుకొని వెలుతురు రాగానే తొలగించుకొనును. రాయల్ గ్రామా రాతి కప్పు క్రింద తలక్రిందులుగా ఈదును. అదివరకే క్లౌన్ చేప యున్న తొట్టెలో చిన్న క్లౌన్ చేపను విడిచినచో, అది పెద్దదానిముందు ప్రక్కకు ఒరిగి గడగడ వణకుట చూచి మూర్ఛయని భ్రమపడువారున్నారు. ఆ జాతిలో అన్నిటికంటె పెద్దది స్త్రీ. అది పోయినచో దానితో జతకట్టిన మగచేపయే స్త్రీగా మారును. 1977లో ఫ్రిక్ దంపతులు ఈ మార్పును గూర్చియు, పెత్తనపు బలముతో ఇది ఎట్లు నియంత్రింపబడునో దానిని గూర్చియు ప్రకటించిరి. చిన్నచేప వణకుట ‘నీ పెత్తనమునకు లోబడితిని’ అని తెలుపు సంజ్ఞ. చేపను తెచ్చుకొనుటకు ముందే దాని జాతిస్వభావమును చదివి తెలిసికొనవలెనని నేను పట్టుబట్టుట ఇందుకే: ఆరోగ్యవంతమైన చేప ఏమి చేయునో ఎరుగనివాడు రోగమును గుర్తింపజాలడు.

వింతలను పక్కకు నెట్టి చూడవలసినది శ్వాస. మొప్పమూత తెరచి మూసికొనుటను ఒక నిమిషముసేపు లెక్కించి, కొంత విరామమిచ్చి మరల లెక్కించి, ఆ సంఖ్యను తేదీతో వ్రాసికొనవలెను. ఏ గ్రంథములోని సంఖ్యతోను దానిని పోల్చవలసిన పనిలేదు. జాతినిబట్టి, పరిమాణమునుబట్టి, నీటి వేడినిబట్టి అది మారును. అదే చేప, అదే వేళ, నిన్న ఎంత, నేడు ఎంత అనునదే ప్రశ్న. ఉదయము దీపము వెలిగించుటకు ముందొకసారి, సాయంకాలము మేత వేయుటకు ముందొకసారి లెక్కించుట అనుభవజ్ఞుల అలవాటు. ప్రయాణపు అలసట వలన హెచ్చిన శ్వాస ఒకటి రెండు దినములలో క్రమముగా నెమ్మదించును. నెమ్మదించి మరల హెచ్చినను, అసలు నెమ్మదింపకున్నను, ఒకవైపు మొప్పమూత మాత్రమే కదలుచున్నను, చేప నోరు తెరచియే యుండి పంపు వెడలగ్రక్కు ప్రవాహమునకు ఎదురుగా నిలిచినను, అప్పుడు రెండవ ప్రశ్న వేసికొనవలెను: ఇతర చేపలును ఇట్లే రొప్పుచున్నవా? అన్నియు రొప్పుచున్న తప్పు నీటిది. ఆమ్లజని తగ్గియుండును, లేదా అమోనియా పెరిగియుండును. 25 డిగ్రీల సెల్సియస్‌లో లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆమ్లజని కరగగా సముద్రజలములో 6.8 మిల్లీగ్రాములకు మించి కరగదు. వేసవిలో తొట్టె వేడెక్కినకొలది ఆ కొద్దియు తరుగును. కొత్తచేప ఒక్కటే రొప్పుచున్నచో దాని మొప్పలయందేదో చేరినదని అనుమానింపవలెను.

ఆ అనుమానములలో అన్నిటికంటె భయంకరమైనది అమైలోఊడినియం అను ఏకకణ పరాన్నజీవి. 1931లో లండన్ అక్వేరియంలోని చేపల మొప్పలనుండియు, చర్మమునుండియు ఇ. ఎం. బ్రౌన్ అను జీవశాస్త్రవేత్త దీనిని తొలిసారిగా వర్ణించెను. వేళ్లవంటి తంతువులతో మొప్పల కణములలో నాటుకొని అది ఆహారమును పీల్చును. తృప్తిపడి రాలి, అడుగున పడి, చీలికపై చీలికగా విభజనచెంది, ఒక్క జీవి 256 వరకు ఈదెడు పిల్లలను విడుచును. చర్మముపై బంగారపు పొడి చల్లినట్లు కనబడుట దీని లక్షణముగా వ్రాయుదురు గాని, ఆ పొడి కనబడునప్పటికి మొప్పలు శిథిలమైపోయి యుండవచ్చును. పొడి కనబడకయే చేపలు చచ్చుటయు కలదు. మేత మాని, వెలుగును తప్పించుకొని, వేగముగా ఊపిరి తీయుట ఒక్కటే అది ఇచ్చు హెచ్చరిక. ఆ హెచ్చరికకును మరణమునకును నడుమ ఒకటి రెండు దినములే యుండవచ్చును. వ్రాసికొన్న శ్వాససంఖ్య అక్కరకు వచ్చునది అప్పుడే. క్లౌన్ చేపలకు బ్రూక్లినెల్లా అను మరియొక ఏకకణజీవి వలనను ఇంత త్వరిత మరణము కలుగును. అందు చర్మపు జిగురు తెల్లని పొరలుగా ఊడివచ్చుట విశేషము.

తెల్లమచ్చల వ్యాధి వీనికంటె నెమ్మదియైనది. నెమ్మదియైనందుననే మనుష్యులను ఎక్కువగా మోసగించుచున్నది. జపానులో సికామా 1930ల దశకముననే దీనిని గమనించెను. క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అను పేరు పెట్టినది పై చెప్పిన బ్రౌనే, 1951లో. శైలికలతో ఈదు ఏకకణజీవి చేప చర్మమును, మొప్పను తొలుచుకొని పైపొర క్రింద చేరి, 3 మొదలు 7 దినముల వరకు అందే తిరుగుచు తినును. మన కంటికి కనబడు ఉప్పురవ్వవంటి తెల్లమచ్చ ఇదియే. అటుపై అది చేపను విడిచి, అడుగునకు జారి, రాతినో ఇసుకనో అంటుకొని, చుట్టును గట్టి కవచము నిర్మించుకొని, ఆ కవచములో వందలకొలది తునకలుగా విడిపోవును. కవచములు సాధారణముగా 3 నుండి 28 దినములలో పగులును. రెండు మాసములు దాటి పగిలినవియు గమనింపబడినవి. పగిలి వెలువడిన పిల్లజీవులు ఒకటి రెండు దినములలోగా చేపను చేరకున్న నశించును. మొదటి కొన్ని గంటలలోనే వాటి పట్టుబలము ఎక్కువ.

ఇప్పుడు చేపల యజమాని కంటితో ఈ చక్రమును చూడుడు. అయిదవనాడు మచ్చలు కనబడును; అతడు కలతచెంది, ఏదో ఒక మందు నీటిలో పోయును. ఎనిమిదవనాడు మచ్చలు మాయమగును. మందు పనిచేసినదని అతడు సంతోషించును. నిజమునకు ఏమందు పోయకున్నను ఎనిమిదవనాడు మచ్చలు మాయమగును, ఏలయన తిని బలిసిన జీవులు తమంతతాము చేపను విడిచిపోవు గడువు అది. రెండవ వారమునో మూడవ వారమునో, పోయినదానికి వందరెట్లు తిరిగివచ్చును. ఎన్ని మందులు కీర్తి సంపాదించుకొన్నవో ఈ ఎనిమిదవనాటి సంతోషము వలన! మచ్చలు పోవుటను స్వస్థతగా ఎన్నడును లెక్కింపకుడని పాఠకులను చేతులు జోడించి వేడుచున్నాను. కాలము ఒక్కటే సాక్షి: మచ్చలు లేక, రాళ్లకు ఒళ్లు రుద్దుకొనక, శ్వాస నిలకడగా నుండి నాలుగు మొదలు ఆరు వారములు గడచినపుడే చేపను నమ్మవచ్చును.

ఈ జీవి ప్రవర్తనలో మరియొక నేర్పు కలదు. చేపను విడుచుటయు, కవచమును పగులగొట్టి వెలువడుటయు అది ఎక్కువగా చీకటి వేళనే చేయును. పగలు తిరుగుచుండు చేప రాత్రి ఏ రాతిసందుననో కదలక నిద్రించును గనుక, కవచములు ఆ రాతిచెంతనే పడి, పిల్లజీవులు అదే నిద్రాస్థలమున చేపను పట్టుకొనుటకు వీలగును. తొట్టెను తెల్లవారుజామున చూడవలెననుటకు ఇదియు ఒక కారణము. చేపను 3 దినములకొకసారి పూర్తిగా ఆరిన శుభ్రమైన వేరొక తొట్టెలోనికి మార్చుచు, కవచములను పగులకముందే వెనుక విడిచిపోవు చికిత్స మందు లేకయే ఫలించుటకును ఈ గడువుల జ్ఞానమే ఆధారము.

దృష్టాంతముగా హిందూమహాసముద్రపు చేపనే ఒకదానిని తీసికొందము. లక్షద్వీపములు, మాల్దీవులు, సింహళము మొదలగు ప్రాంతముల పగడపు దిబ్బలపై తిరుగు పౌడర్ బ్లూ టాంగ్, లేతనీలి దేహము, నల్లని ముఖము, తెల్లని కంఠము, పసుపు వీపురెక్కలతో అక్వేరియం ప్రియుల మనస్సును దోచును; తెల్లమచ్చల వ్యాధి మొదట పట్టు చేపగా అంతే ప్రసిద్ధి. విశాలమైన దిబ్బలపై పగలంతయు నాచును మేయుచు సంచరించు ప్రాణి అది. ఇరుకైన తొట్టెలో, కడుపునిండని మేతతో, తనవంటి మరియొక టాంగ్ కనులముందున్నచో నిరంతర క్రోధముతో, శీఘ్రముగా క్షీణించును. దీనిని తెచ్చుకొన్నవారు మొదటి దినమునుండియే సముద్రపు నాచు రేకును రాతికి కట్టి, కొరికినదా లేదా చూచుచుండవలెను. మొదటి రెండు దినములు ముట్టకున్నను భయము లేదు. పిమ్మటను ముట్టకున్న విచారింపవలసినదే.

తినుటను చూచుటతో సరిపోదు, తిన్నది ఒంటబట్టుచున్నదా చూడవలెను. కడుపు లోనికి పోవుట ఇటీవలి ఆకలికి గుర్తు. తలవెనుక వీపుకండరములు కరగి పక్కల పల్లము పడుట దీర్ఘకాలపు పస్తునకు గుర్తు, ఆ స్థితినుండి కోలుకొనుట కష్టము. బాగుగా తినుచు చిక్కిపోవు చేప విసర్జనము తెల్లని దారమువలె వ్రేలాడుచున్నచో ప్రేగులలో పరాన్నజీవులుండవచ్చును. 1960ల దశకమునుండి ఫిలిప్పీన్స్ దిబ్బలలో సోడియం సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టు దురాచారము వ్యాపించెను. అట్లు పట్టిన చేపలనేకము పైకి ఏ లోపమును చూపకయే కొన్ని దినములకో వారములకో కూలిపోవును. దానిని కంటితో కనిపెట్టు ఉపాయము లేదు గనుక, చేపను ఎవరు ఎక్కడ ఎట్లు పట్టిరో, లేక పెంపకపు కేంద్రమున పుట్టినదో, అడిగి తెలిసికొనుట కొనువాని ధర్మము. మన దేశముననే మండపము మొదలగు చోట్ల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల సంతానోత్పత్తిని సాధించియున్నది. తొట్టెలో పుట్టి తొట్టెలో పెరిగిన అట్టి చేపకు కొత్త తొట్టె అంత భయమును కలిగింపదు.

ఇదంతయు ప్రధానమైన తొట్టెలో గాక, ఇసుకయు పగడపు రాళ్లును లేని వేరు తొట్టెలోనే జరుగవలెను. తెల్లమచ్చల వ్యాధికిని, అమైలోఊడినియమునకును ప్రసిద్ధమైన మందు రాగి, లీటరునకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల స్వేచ్ఛారాగి యుండవలెను. అంతకు తగ్గిన వ్యాధి చావదు, పెరిగిన చేప చచ్చును. సున్నపు రాళ్లు రాగిని పీల్చుకొని కొలతను తప్పించును. పగడములకును, రొయ్యలకును అది ప్రాణాంతకము. కావున పరీక్షద్రావకముతో దినమునకు రెండుమారులు కొలువక రాగిని వాడరాదు. తెల్లమచ్చల వ్యాధికి మాత్రము రెండవ మార్గము కలదు: నీటిలోని ఉప్పును వేయింటికి 15, 16 పాళ్లకు క్రమక్రమముగా దించుట. కవచములలోని జీవులు ఆ పలుచని నీటిలో నిలువలేవు. మొదట చెప్పిన దాహపు భారము తగ్గుట వలన చేపకు అది విశ్రాంతిగా కూడ నుండును. కొన్ని ప్రాంతముల క్రిప్టోకేరియాన్ రకములు తక్కువ ఉప్పునకు ఓర్చుకొనును గనుక ఇదియు అమోఘము కాదు. అమైలోఊడినియమును ఇది ఆపలేదు. కొత్తగా నింపిన వేరు తొట్టెలో అమోనియాను హరించు సూక్ష్మజీవులు ఇంకను స్థిరపడియుండవు. వడపోత స్పంజిని కొన్ని వారములు ముందుగా పాత తొట్టెలో నుంచి తెచ్చుట, అమోనియాను ప్రతిదినము కొలుచుట ఇచ్చట తప్పనిసరి.

గడువు ముగిసి చేపను పెద్ద తొట్టెకు మార్చునాడు ఉప్పు మరల 35 పాళ్లకు చేరియుండవలెను. దించుట త్వరగా చేసినను చేప ఓర్చును గాని, పెంచుటను కొన్ని దినములపై సాగదీయవలెను, ఏలయన అప్పుడు మొప్పకణములు ఉప్పును వెలికి నెట్టు పనిని మరల హెచ్చించుకొనవలసి యుండును. ఆనాటి నుండి పరీక్ష కొత్తచేపకే పరిమితము కారాదు. తెల్లమచ్చల వ్యాధిని తట్టుకొని బ్రదికిన చేపలకు కొన్ని మాసములపాటు నిలుచు పాక్షికరోగనిరోధము కలుగునని ప్రయోగములు తెలుపుచున్నవి. అట్టి చేపపై ఒకటి రెండు జీవులు మొప్పలలో దాగి, మచ్చ కనబడకయే సాగుచుండవచ్చును. పాత తొట్టెలోని చేపలు అట్టి వాహకములైనచో, ఆరువారములు నిర్దోషముగా గడపిన కొత్తచేపయే వాటివలన రోగమును పొందును. కొత్తది వాహకమైనచో పాతవి పొందును. కావున మార్చిన తరువాతి పక్షము దినములు తొట్టెలోని ప్రతి చేప శ్వాసను తెల్లవారుజామున లెక్కించి, ఒక్కొక్కదాని పేరున వేరువేరుగా వ్రాసికొనవలెను.